ఇంజిన్‌కు బోరు చేయించాలా, ఇంజిన్నే మార్చాలా: పాత పికప్ బండి లెక్క

పన్నెండేళ్ళ పికప్ బండి. తెల్లవారుజామున సెల్ఫ్ చాలాసేపు తిరిగితే గానీ ఇంజిన్ అందుకోదు. అందుకున్నాక రెండు నిమిషాలపాటు వెనక ఎవరున్నారో కనిపించనంత పొగ. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోంది. ఒకప్పుడు మూడో గేరులో ఎక్కిన ఎత్తును ఇప్పుడు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. షెడ్డుకు తీసుకెళ్తే మూడు సలహాలు దొరుకుతాయి. పెద్ద మేస్త్రీ హాఫ్ ఇంజిన్ పని, అంటే ఇంజిన్ పైభాగం విప్పి బాగుచేసే పని, చేయిస్తే చాలంటాడు. పక్క షెడ్డువాడు ఆటోనగర్‌లో తెలిసినచోట రెడీ ఇంజిన్ ఉంది, దించి ఎక్కించడం రెండు రోజుల పని అంటాడు. యజమాని ఇంట్లోనే ఎవరో ఒక కుర్రవాడు, ఫోనులో అమెరికా వీడియోలు చూసినవాడు, స్కార్పియో ఇంజిన్ పెట్టిద్దామంటాడు.

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ ఇంజిన్ గురించి మాత్రమే మాట్లాడుతున్నారు. ఇంజిన్‌కు ముందు రేడియేటర్ ఉంది, వెనక క్లచ్, గేరుబాక్సు, వెనక చక్రాలను తిప్పే పళ్ళ చక్రం క్రౌన్ ఉన్నాయి, కింద చాసిస్ ఉంది, ఇనప్పెట్టెలో ఆర్‌సీ ఉంది. వీటిలో ఏది ఒప్పుకోకపోయినా ఇంజిన్ మీద పెట్టిన డబ్బు వెనక్కి రాదు.

అసలు అరిగిందేమిటో తేల్చుకోకుండా బేరం మొదలుపెట్టడం చాలామంది చేసే తప్పు. పొగ రంగు కొంత చెబుతుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లగా వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని, తెల్లగా వస్తే డీజిల్ కాలకుండానే బయటికి వస్తోందని లేదా నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతున్నాయని అర్థం. నల్లపొగకు ఇంజిన్ విప్పాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. మట్టి పట్టిన ఎయిర్ ఫిల్టర్, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు కారడం, టైమింగ్ తప్పిన డీజిల్ పంపు, ఎవరో "పవర్ కోసం" తిప్పి వదిలేసిన పంపు స్క్రూ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. లాగడం లేదన్న ఫిర్యాదుకు జారుతున్న క్లచ్, వదలకుండా పట్టుకుంటున్న బ్రేకులు కూడా కారణాలే. లోడుతో పది కిలోమీటర్లు తిప్పి నాలుగు చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే, ఏ చక్రం మిగతావాటికంటే ఎక్కువ కాలుతోందో తెలిసిపోతుంది. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ చేయరు.

నీలం పొగ వస్తుంటే, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడినుంచి ఆవిరి రైలింజన్‌లా గుప్పుగుప్పుమని వస్తుంటే, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతున్నట్టు. అప్పుడు నాజిళ్ళు తీసి, ఆ రంధ్రాల్లో కంప్రెషన్ గేజి బిగించి నాలుగు సిలిండర్లనూ వరుసగా కొలవాలి. నాలుగూ సమానంగా కొద్దిగా తగ్గితే అది వయసు. మూడు బాగుండి ఒక్కటి బాగా పడిపోతే అది జబ్బు, అంటే కాలిన వాల్వో, విరిగిన రింగో, పోయిన హెడ్ గ్యాస్కెట్టో. వయసుకు ఒక వైద్యం, జబ్బుకు ఒక వైద్యం. ఒక్క వాల్వు కాలిన బండికి మొత్తం ఇంజిన్ మార్పించిన యజమానులు ఆటోనగర్లలో కొత్తేమీ కాదు. ఇంజిన్ వేడెక్కాక స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంటే మాత్రం కథ పిస్టన్ల కింద తిరిగే ఇరుసు క్రాంక్, దాని బేరింగుల దాకా వెళ్ళినట్టే, హాఫ్ ఇంజిన్ మాట అక్కడితో ఆగిపోవాలి.

ఇక "ఈ బండికి ఇంజిన్ చాలడం లేదు" అన్న మాట. దీన్ని కాగితం మీద తేల్చవచ్చు. బండి, సరుకు కలిపి 2,800 కిలోలనుకుందాం. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, టైర్ల ఒరిపిడి, గేర్లలో పోయేది కలుపుకుని ఇంజిన్ ఇవ్వాల్సింది సుమారు 30 హార్స్ పవర్. అదే ఎత్తును 60 వేగంతో ఎక్కాలంటే గాలి అడ్డు కూడా తోడై 50 దాటుతుంది. పాత తరం బొలెరో పికప్‌లోని 2,523 సీసీ డీజిల్ ఇంజిన్ బాగున్న రోజుల్లో ఇచ్చేది సుమారు 63. అంటే మదనపల్లెలో టమాటా ఎత్తుకుని ఘాట్‌లో 40లో వెళ్ళే బండికి ఆ ఇంజిన్ ధారాళంగా సరిపోతుంది. 60లో వెళ్ళాలనుకుంటే అంచుకు వస్తుంది. మొత్తం బరువు రెట్టింపైతే 40 కూడా కష్టమే. లోటు ఇంజిన్‌లో ఉందా, వేసే లోడులో ఉందా, లేక కంపెనీ ఇచ్చినదాంట్లో ఈ పన్నెండేళ్ళలో సగం అరిగిపోయిందా అన్నది వేర్వేరు ప్రశ్నలు. మూడో ప్రశ్నకు అవునని జవాబు వస్తే కావలసింది పెద్ద ఇంజిన్ కాదు, ఉన్న ఇంజిన్ తన కొలతలకు తిరిగి రావడం.

ఆ కొలతల్లో కాస్త చరిత్ర కూడా ఉంది. 2,523 సీసీ ఇంజిన్ బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం వెడల్పు, 88.9 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 101.6. మిల్లీమీటర్లలో చూస్తే వింత అంకెలు, అంగుళాల్లో చూస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు. పొలంలో నాగలి లాగే యంత్రాల తరానికి చెందిన కొలత అది. స్ట్రోకు పొడుగు, వేగం తక్కువ, కింది ఆర్‌పీఎమ్‌లోనే బలం. టాటా 207 డీఐలోని 2,956 సీసీ ఇంజిన్ పేరు 497. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు అని ఆ పేరులోనే రాసి ఉంది. 407 లారీలో కూడా ఆ కుటుంబపు ఇంజినే ఉండటం వల్ల దాని పిస్టన్లు, బేరింగులు చిన్న పట్టణంలోనూ దొరుకుతాయి, దాన్ని కళ్ళు మూసుకుని బిగించగల మేస్త్రీలూ దొరుకుతారు. పాత బండి యజమానికి ఇది హార్స్ పవర్ కంటే విలువైన గుణం.

బాగు చేయించడమంటే ఏమిటో కూడా విడదీసి చూడాలి. హాఫ్ ఇంజిన్ పని అంటే క్రాంక్‌ను కదపకుండా సిలిండర్ల పై మూత హెడ్ దించి, పిస్టన్లు లాగి, రింగులు, బేరింగులు మార్చి, వాల్వులు గ్రైండింగ్ చేయించి మళ్ళీ బిగించడం. బోరు గుండ్రంగా ఉన్నంతవరకు ఇది మంచి పనే. ఏళ్ళ తరబడి తిరిగిన బోరు గుండ్రంగా ఉండదు. పిస్టన్ ఒక పక్కకు ఒత్తుతుంది కాబట్టి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, పైభాగంలో మరీ ఎక్కువ అరుగుతుంది. ఆ బోరులో కొత్త రింగులు వేస్తే అవి అతుక్కునేది రెండు పక్కలే, మిగతా రెండు పక్కల నుంచి ఆయిల్ పైకి, గాలి కిందికి పోతూనే ఉంటాయి. కొన్ని నెలలు బాగున్నట్టు అనిపించి మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి మేస్త్రీని అడగాల్సింది "ఎంతవుతుంది" అని కాదు, "బోరు కొలిచావా, ఎంత వచ్చింది" అని. డయల్ గేజితో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిచిన అంకెలు కాగితం మీద చూపించలేనివాడు కంటిచూపుతో చెబుతున్నాడని అర్థం.

బోరు అరిగి ఉంటే, సిలిండర్లలో లైనర్లు, అంటే విడిగా తొడిగిన గొట్టాలు, ఉన్న ఇంజిన్‌కు లైనర్లు మార్చాలి. లేనిదానికి లేత్ పనిలో బోరు పెంచి ఆ సైజుకు తగిన ఓవర్ సైజు పిస్టన్లు వేయాలి. క్రాంక్‌ను గ్రైండింగ్ చేయించి అండర్ సైజు బేరింగులు వేయాలి. హెడ్ ఫేసింగ్, పంపు, నాజిళ్ళ సర్వీసు, ఆయిల్ పంపు, వాటర్ పంపు కూడా ఇందులోకే వస్తాయి. ఇది ఫుల్ ఇంజిన్ పని. పది పదిహేను రోజులు బండి నిలబడుతుంది. ఖరీదైనదే. కానీ ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే ఇంజిన్ నంబరు మారదు, మౌంటింగులు మారవు, గేరుబాక్సు మారదు, ఏ కార్యాలయం మెట్లూ ఎక్కనక్కర్లేదు.

రెడీ ఇంజిన్ మీద మోజు ఆ పదిహేను రోజుల నుంచే పుడుతుంది. బండి కదలకపోతే కిరాయి రాదు, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. అయితే ఆటోనగర్‌లో పలకల మీద వరసగా నిలబెట్టిన ఇంజిన్లు ఎక్కడివి? కొన్ని ప్రమాదంలో నుజ్జయిన బండ్లవి. వీటిలో మంచివి ఉంటాయి, ఎందుకంటే ఆ బండి చచ్చింది ఇంజిన్ పోయి కాదు. కొన్ని తుక్కుకు వెళ్ళిన బండ్లవి, అంటే ఇప్పుడు దించుతున్న ఇంజిన్ ఏ కారణంతో దిగుతోందో సరిగ్గా అదే కారణంతో దిగినవి. పైన పెయింటు వేశాక రెండూ ఒకేలా ఉంటాయి. నేల మీదే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపించినా అది చల్లటి ఇంజిన్ లోడు లేకుండా తిరగడమే. కంప్రెషన్ కొలిచి, హెడ్ కవర్ విప్పి లోపలి బురద చూసి, అది దిగిన బండి కాగితాలు అడిగి కొనాలి. బిల్లు ఇవ్వను, నంబరు సంగతి అడగకు అనే చోట ధర ఎంత తక్కువైనా వద్దు. దొంగిలించిన బండి ఇంజిన్ నంబరు మీ చాసిస్‌లో దొరికితే, పోలీసు స్టేషన్‌లో సమాధానం చెప్పాల్సింది ముందు మీరే.

కాగితం విషయం ఇక్కడే మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే తయారీ, అదే రకం ఇంజిన్ మార్చుకోవడానికి దారి ఉంది. పదీ అంతకంటే ఎక్కువా రవాణా బండ్లున్న యజమానులకు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ముందస్తు ఆమోదం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని కూడా సెక్షన్‌లో ఉంది. ఆ మినహాయింపుతో మార్చినా 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. ఒకటి రెండు బండ్లున్న మామూలు యజమాని ముందుగానే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్ళి ఆమోదం తీసుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ లిఖితపూర్వక సమ్మతి కూడా తెచ్చుకోవడం మంచిది. వేరే రకం ఇంజిన్‌కు మాత్రం ఈ దారి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు కుదరవని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది.

జరిమానా చిన్నదే అనిపించవచ్చు. అసలు దెబ్బ అది కాదు. రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, ఏటా తనిఖీకి నిలబడాలి. ఆర్‌సీలో ఒక నంబరు, ఇంజిన్ బ్లాకు మీద ఇంకో నంబరు ఉన్న బండికి ఏటా గండమే. అంతకుమించి, ప్రమాదం జరిగిన రోజున చెప్పకుండా చేసిన మార్పును బీమా సంస్థ పట్టుకుంటే, అక్కడ పోయేది వేలల్లో ఉండదు.

ఇప్పుడు స్కార్పియో ఇంజిన్ సంగతి. చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి యంత్రంగానే చూద్దాం. స్కార్పియోలోని ఎంహాక్ ఇంజిన్ 2,179 సీసీ, సుమారు 120 హార్స్ పవర్. పాత ఇంజిన్‌కు దాదాపు రెట్టింపు. మెలితిప్పే బలం, అంటే టార్క్, ఒకటిన్నర రెట్లు. ఆశ పుట్టడంలో తప్పులేదు. కానీ పాత ఇంజిన్‌కు ఒక డీజిల్ పైపు, ఒక స్టాప్ వైరు, ఒక యాక్సిలరేటర్ కేబుల్ ఉంటే చాలు. కొత్తదానికి కంప్యూటర్ కావాలి, దాని వైరింగ్ మొత్తం కావాలి, పెడల్ దగ్గర సెన్సర్ కావాలి, వెయ్యి బార్ దాటిన పీడనంతో పనిచేసే కామన్ రైల్‌కు తగిన శుభ్రమైన డీజిల్, ఫిల్టర్ కావాలి, లోపలికి వెళ్ళే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టే చోటు కావాలి, పెద్ద రేడియేటర్ కావాలి, తాళంతో ముడిపడిన ఇమ్మొబిలైజర్‌ను ఒప్పించేవాడు కావాలి. ఇవన్నీ అమర్చాక కూడా ఆ బలం వెళ్ళేది పాత క్లచ్, పాత గేరుబాక్సు, పాత క్రౌన్ గుండానే. గొలుసులో బలహీనమైన కొక్కెం వెనక్కి జరుగుతుందంతే. నిన్నటిదాకా ఇంజిన్ మొరాయించిన చోట రేపు క్రౌన్ పళ్ళు రాలతాయి. వాటిని కూడా మార్చినా, పాత వేగాలకు తయారైన బ్రేకులు 90 వేగంతో వచ్చే లోడును ఆపాలి. అంతదాకా వచ్చాక మిగిలిన పాత బండి ఏమిటి? క్యాబిన్, నంబరు ప్లేటు.

ఉన్న ఇంజిన్ టర్బో లేనిదైతే దానికే గాలిని ఒత్తి నింపే టర్బో పెట్టించడం, డీజిల్ పంపు పెంచించడం ఇంకో దారి. కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. పంపు పెంచితే డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. మిగులు డీజిల్ నల్లపొగగా, వేడిగా మారి పిస్టన్ నెత్తిని కాలుస్తుంది. టర్బో గాలినైతే ఇస్తుంది, కానీ టర్బో కోసం చేసిన ఇంజిన్లలో పిస్టన్లు, రింగుల మందం, ఆయిల్ ప్రవాహం, కంప్రెషన్ నిష్పత్తి ముందే వేరుగా ఉంటాయి. అరిగిన ఇంజిన్‌కు టర్బో పెట్టడం, ఆయాసపడుతున్న ముసలాయనకు బూట్లు తొడిగి పరుగెత్తమనడం లాంటిది.

అమెరికా వీడియోల్లో ఇదంతా ఎందుకంత తేలికగా కనిపిస్తుంది? టెక్సస్‌లోనో జార్జియాలోనో పాత షెవ్రొలె పికప్‌లో ఎల్ఎస్ కుటుంబపు వీ8 ఇంజిన్ పెట్టడం అక్కడ ఒక పెద్ద పరిశ్రమ. దానికి రెడీమేడ్ మౌంటింగులు, వైరింగ్, కంప్యూటర్ అన్నీ పెట్టెల్లో అమ్ముతారు. ఆ బండి చాలావరకు ముచ్చటకోసం ఉన్నది, నెల రోజులు నిలబడినా ఇంట్లో ఇంకో కారు ఉంటుంది. అయినా కాలిఫోర్నియాలో నియమం గట్టిది: పెట్టే ఇంజిన్ బండి తయారైన ఏడాదిదో అంతకంటే కొత్తదో అయి ఉండాలి, దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దానితోపాటే రావాలి. అక్కడి చట్టం మరింత శుభ్రమైన ఇంజిన్ వైపు తలుపు తెరిచి ఉంచింది. మన చట్టం ఆ తలుపు తెరిచింది ఇంధనం మార్చుకునేవారికి మాత్రమే. అనుమతి పొందిన కిట్‌తో సీఎన్‌జీకో బ్యాటరీకో మారవచ్చు. బీఎస్ 3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) కాలపు బండిలో అంతకంటే శుభ్రమైన బీఎస్ 4 డీజిల్ ఇంజిన్ పెడతానంటే గాలికి మేలే అయినా దారి లేకపోవడం కాస్త విడ్డూరమే. కానీ రోడ్డుపక్క షెడ్డులో బిగించిన ఇంజిన్ నిజంగా బీఎస్ 4లాగే పనిచేస్తోందని ఎవరు పరీక్షించి చెబుతారన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా అధికారులను పూర్తిగా తప్పుపట్టలేం.

డబ్బు లెక్కకు వద్దాం. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే బండికి 24,000 కిలోమీటర్లు. లీటరుకు పదే వస్తుంటే 2,400 లీటర్లు కావాలి, బాగు చేశాక పన్నెండు వస్తే 2,000 లీటర్లు చాలు. మిగిలేది 400 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున వేసుకున్నా 38,000. తాగే ఇంజిన్ ఆయిల్ ఏడాదికి 24 లీటర్లు, లీటరు 300 అనుకున్నా మరో 7,200. ఉజ్జాయింపుగా ఏడాదికి 45,000. పని మొత్తం, బండి నిలబడిన రోజుల కిరాయితో కలిపి, లక్షన్నర అయిందనుకుంటే మూడేళ్ళకు పైగా తిరిగితే గానీ అది డీజిల్ రూపంలో వెనక్కి రాదు. బండి వయసు పన్నెండు. పదిహేను దాటిన బండ్లకు ఎఫ్‌సీ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగింది. అంటే లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే బండి అయితే అదే ఖర్చు రెండేళ్ళలోపే తిరిగి వస్తుంది, ఆలోచించనక్కర్లేదు. వారానికి రెండు ట్రిప్పులు వేసే రైతు బండి అయితే ఎప్పటికీ రాదు. వాళ్ళు నాజిళ్ళు, వాల్వులు చూపించుకుని, ఆయిల్ పోసుకుంటూ తిప్పుకోవడమే తెలివైన పని. మేస్త్రీలకు ఈ మాట నచ్చదు.

ఈ లెక్కను ఒక్క దెబ్బకు కొట్టిపారేసేది చాసిస్. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసే బండ్ల కింద పడుకుని చూస్తే అర్థమవుతుంది. ఐసు కరిగి, ఉప్పు కలిసిన నీళ్ళు రోజూ తొట్టి కిందికి కారి క్రాస్ మెంబర్లను, స్ప్రింగు బ్రాకెట్లను తినేస్తాయి. సుత్తితో చిన్నగా కొడితే ఖణేలుమనాల్సిన ఇనుము డొల్లగా పలుకుతుంది, పెచ్చులు రాలతాయి. అలాంటి బండికి ఎంత మంచి ఇంజిన్ పెట్టినా అది ఇంకో బండికి దాచిపెట్టిన ఇంజినే అవుతుంది. నడుస్తున్నప్పుడే అమ్మేస్తే వచ్చే ధర, ఇంజిన్ దించి నేలమీద పరిచాక రాదు.

చేయించాలనే తేలితే, బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతోనే తిప్పాలి. అలాగని గంటల తరబడి స్లోలో వదిలేయకూడదు. రింగులు బోరుకు అతుక్కోవాలంటే కాస్త భారం పడాలి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌లో లోహపు మెరుపు ఏమైనా ఉందేమో ఎండలో పెట్టి చూడాలి. వీటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బోరుబావి నీళ్ళు పోసి పోసి సున్నం పేరుకున్న రేడియేటర్, పనిచేయడం లేదని ఎప్పుడో పీకి పారేసిన థర్మోస్టాట్, ముల్లు కదలని టెంపరేచర్ మీటర్ ఆ బండిలోనే ఉంటాయి. పాత ఇంజిన్‌కు హెడ్ పోయింది వాటివల్లే అయితే, లక్ష పెట్టి బోరు చేయించిన ఇంజిన్‌ను మొదటి వేసవిలోనే అవి మళ్ళీ అదే షెడ్డుకు తెస్తాయి.